వెంట్రుకవాసి ఎడాన్ని ఒప్పుకోని చేతులు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూన్ పదిహేడో తేదీ, సోమవారం. ఉదయం తొమ్మిది గంటలకు విధులలో చేరవలసిన కొత్త దంత సాంకేతిక నిపుణురాలు ఎనిమిదింపావుకే వచ్చి, తాళం వేసి ఉన్న ప్రయోగశాల ముందు నడవాలో ఈ కొస నుంచి ఆ కొసకు పచార్లు చేస్తూ కనిపించారని నాటి కాపలాదారు చాలా కాలం చెప్పుకున్నారు. "కుర్చీ వేస్తానమ్మా అంటే, 'నాకు పడదండీ, మీరు కూర్చోండి' అంది" అని ఆయన నవ్వేవారు. ఆనాటి నుంచి ఈ జూన్ ముప్పయ్యో తేదీ వరకు, ముప్పై నాలుగు సంవత్సరాల పైచిలుకు కాలం, మన దంత వైద్యశాల నేలమాళిగలో మైనం వాసన మధ్య, ప్లాస్టర్ ధూళి మధ్య అవిశ్రాంతంగా శ్రమించి పదవీ విరమణ చేస్తున్న మన సీనియర్ టెక్నీషియన్ గారిని గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాసే అవకాశం మా విభాగానికి దక్కడం గౌరవంగా భావిస్తున్నాం. 'అవిశ్రాంతంగా' అనే మాట అభినందన వ్యాసాలలో అలవాటుగా దొర్లేదే గాని, వారి విషయంలో అది అక్షరాలా నిజమని ఆయాసపడుతూ వారి వెంట నడిచిన వాళ్లందరికీ తెలుసు.

వారి తండ్రిగారు కుట్టుమిషన్లు బాగుచేసేవారు. రేకు డబ్బాలో కలగాపులగంగా పడి ఉన్న స్క్రూలను సైజుల వారీగా వేరుచేయడం ఆ ఇంటి చిన్నపిల్ల ఆట. పదేళ్లు నిండకముందే ఏ స్క్రూ ఏ భాగానిదో చీకట్లో వేలితో తడిమి చెప్పగలిగేవారట. ఆ దుకాణానికే ఒక దర్జీ తన మిషన్ మోసుకొచ్చారు. మిషన్ బాగయ్యాక కూడా ఆయన మరో మూడు సార్లు వచ్చారు. నాలుగోసారి తండ్రిగారే స్టూలు వేసి, "మిషన్ సంగతి సరే, అసలు సంగతి చెప్పు నాయనా" అన్నారట. అలా కుదిరిన పెళ్లి అది. భార్య తీరు తెలిసిన ఆ దర్జీ గారు నేటికీ, "మా ఆవిడ కొలతలు తీసుకోవాలంటే నేను కూడా వెంట పరుగెత్తాలి" అంటారు.

విధులలో చేరిన తొలి సంవత్సరాలలో వారికి పని నేర్పినవారు అప్పటి ప్రయోగశాల పెద్ద. మైనంతో పళ్లు చెక్కడంలో ఆయనను మించినవారు లేరు కనుక అందరూ ఆయనను మైనం మాస్టారనే పిలిచేవారు. శిష్యురాలు గంటకు పదిసార్లు లేచి కిటికీ దాకా, కొళాయి దాకా, పక్క బల్ల దాకా తిరిగి రావడం చూసి ఆయన ఓపిక పట్టారు. ఒక రోజు ఇక పట్టలేకపోయారు.

"ఏంటమ్మా, కాళ్ల కింద నిప్పులేమైనా పోశారా? కాస్త కుదురుగా ఉండు."

"కుదురుగా ఉంటే చేతులు ఆడవండీ మాస్టారూ."

"చేతులు ఆడాలి గాని మనిషి ఆడకూడదు. నువ్వు మనిషివి కాదు, బొంగరానివి."

ఆ పేరు అలాగే స్థిరపడిపోయింది. పైన 'గారు' చేర్చి, మర్యాదకు లోటు రాకుండా, బొంగరం గారనే పిలుచుకుంటూ వచ్చాం. ఈ వ్యాసంలోనూ ఆ పేరే వాడుతున్నాం. అందుకు వారి అనుమతి ఉంది.

ఆ దశకమంతా తీసి పెట్టుకునే పళ్ల సెట్లు, ఒంటి పన్ను తొడుగులు, చిన్న బ్రిడ్జిలు వారి చేతుల మీదుగా వందల సంఖ్యలో వెళ్లాయి. మూడు రోజుల పనిని ఒకటిన్నర రోజులో ముగించగల చేతివేగం వారిది. ఆ వేగాన్ని చూసి వారు గర్వించారు, మేమూ గర్వించాం, పై అంతస్తు వైద్యులైతే దానికి అలవాటే పడిపోయారు. ప్రయోగశాల సిబ్బంది చికిత్స గదులలోకి రాకూడదన్నది నాటి ఆనవాయితీ. నోటి అచ్చులు సంచిలో కిందికి వచ్చేవి, పళ్లు సంచిలో పైకి వెళ్లేవి. బొంగరం గారు మాత్రం లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక డెబ్బై రెండు మెట్లూ ఎక్కి, మూడో అంతస్తులో తలుపు సందులోంచి తొంగిచూసేవారు. "ప్రయోగశాల వాళ్లకి ఇక్కడేం పని?" అని ఒక వైద్యుడు గద్దించినప్పుడు ఆవిడ వెనక్కి తగ్గలేదు.

"పళ్లు కట్టేది నేను, నోరు చూడొద్దంటే ఎలా సార్? మా ఆయన చొక్కా కుట్టాలన్నా మనిషిని ఒకసారి నిలబెట్టి చూస్తాడు."

రెండు వేల మూడులో మన వైద్యశాలకు కొత్త పని వచ్చింది. పళ్లన్నీ పోయిన దవడ ఎముకలో నాలుగో ఆరో టైటానియం దన్నులు (ఇంప్లాంట్లు) నాటి, ఎముక వాటిని పట్టుకున్నాక, పూర్తి పళ్ల వరసను ఒకే చట్రం మీద కట్టి, స్క్రూలతో స్థిరంగా బిగించే విధానం అది. ఆరు వారాల శిక్షణకు వారినే పంపారు. తిరిగి వచ్చిన నాటి నుంచి వారిలో ఏదో కొత్త కలవరం మొదలైందని దగ్గరివాళ్లు గమనించారు. తీసి పెట్టుకునే సెట్టు కాస్త అటూ ఇటూ అయినా చిగురు మెత్తనిది కనుక సర్దుకుంటుంది. ఎముకలో పాతుకున్న దన్నుకు సర్దుకోవడం తెలియదు. చట్రం దాని మీద ఏ బలవంతమూ లేకుండా, పళ్లెం బల్ల మీద ఆనినట్టు ఆనాలి. ఎడం ఉన్నా స్క్రూలు బిగిస్తే చట్రం వంగి అంటుకుంటుంది, ఎక్స్‌రేలోనూ అందంగానే కనబడుతుంది. కాని ఆ లాగుడు లోపల అలాగే ఉండిపోతుంది. ఆరు నెలలకో రెండేళ్లకో స్క్రూ వదులవుతుంది, లేదా విరుగుతుంది, లేదా ఎముకే తరిగిపోతుంది. అప్పటికి ఎవరి తప్పో చెప్పగలిగేవారుండరు. ఈ చివరి మాటే బొంగరం గారిని నిలవనిచ్చేది కాదు. ఇంట్లో అన్నం కలుపుతూ ఆగిపోయేవారట. ఏమైందని దర్జీ గారు అడిగితే, "నిన్నటిది సరిగ్గానే ఆనిందంటావా?" అని, ఆ పని గురించి ఓనమాలు కూడా తెలియని ఆయననే అడిగేవారట.

వారి ఉద్యోగ జీవితంలో మేమెవ్వరం మరచిపోలేని ఘట్టం రెండు వేల ఆరులో జరిగింది. దాన్ని దాచకుండా రాయమన్నది వారి కోరిక.

ఆ సంవత్సరం మన దగ్గరికి వచ్చినవారిలో బస్టాండు అనౌన్సర్ ఒకరున్నారు. ఊరంతా ఆవిడను మైకక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఏ బస్సు ఎక్కడ ఆగిందో ఆ గొంతే చెప్పేది. చిగుళ్ల జబ్బుతో నలభై ఆరేళ్లకే పైపళ్లన్నీ పోయాయి. ఆరు దన్నులు నాటి, ఎముక పట్టేదాకా తాత్కాలికంగా ఒక సెట్టు ఇచ్చారు. అది మాట్లాడుతుంటే జారేది. ప్లాట్‌ఫారం అనబోతే 'ఫా' గాలిలో కలిసిపోయేది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎనిమిది నెలలు గడిపిన ఆవిడకు చివరికి పై అధికారులు గడువు పెట్టారు. సోమవారం ఉదయం ఆరు గంటల డ్యూటీకి వచ్చి మైకు ముందు కూర్చుంటే సరి, లేకపోతే రికార్డు చేసిన గొంతు పెట్టేస్తారు.

ఆ సోమవారానికి ముందు గురువారం ఉదయం పది గంటలకు పెద్ద డాక్టరు గారు ఆవిడకు కొత్త పళ్ల వరసను బిగిస్తున్నారు. అలవాటు ప్రకారం బొంగరం గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఒక్కో స్క్రూ బిగుస్తుంటే ఆవిడ చూపు పళ్ల మీద లేదు, కుర్చీ చెయ్యిని పట్టుకున్న మైకక్క వేళ్ల మీద ఉంది. చివరిది, కుడివైపు ఆరోది బిగుస్తుండగా ఆ వేళ్లు తెల్లబడ్డాయి.

"లాగుతోందా అక్కా?" అని అడుగుతూ ఆవిడ లోపలికి వచ్చేశారు.

నోరు తెరిచే ఉండడంతో మైకక్క వేలితో కుడివైపు చూపించారు.

"మొదట్లో అలాగే ఉంటుంది. రేపటికి సర్దుకుంటుంది" అన్నారు డాక్టరు గారు, తల తిప్పకుండానే.

"సార్, ఒక్క స్క్రూ మీద నిలబెట్టి చూద్దామా?"

"పళ్లు కట్టకముందు చట్రం పెట్టి చూసిన రోజు బాగానే ఉంది కదమ్మా."

"ఆ రోజు ఆరూ బిగించి చూశారు సార్. ఒక్కటే బిగించి చూడలేదు."

గదిలో ఉన్న నర్సు చేతిలో పని ఆపేశారు. పెద్ద డాక్టరు గారికి ఎదురుచెప్పడం ఆ రోజుల్లో మాటలు కాదు. ఆయన మొహం కందగడ్డలా అయినా, చేతులు మాత్రం స్క్రూలన్నీ విప్పాయి. ఎడమవైపు మొదటిది ఒక్కటే బిగించి, దీపం వంచి, కుడివైపు అద్దం పెట్టి చూశారు. ఆరో దన్నుకూ చట్రానికీ మధ్య వెంట్రుకవాసి ఎడం. అంతే. కాని ఉంది.

"ఏమైంది?" అన్నారు మైకక్క లేచి కూర్చుని. విషయం విన్నాక సూటిగా ఒకే ప్రశ్న వేశారు. "బిగిస్తే అంటుకుంటుందా, అంటుకోదా?"

"అంటుకుంటుంది" అన్నారు డాక్టరు గారు.

"అయితే బిగించేయండి. నేను ఓర్చుకుంటా. ఎనిమిది నెలలు ఓర్చుకున్నదాన్ని, ఈ మాత్రం ఓర్చుకోలేనా?"

"మీరు ఓర్చుకుంటారక్కా, ఎముక ఓర్చుకోదు" అన్నారు బొంగరం గారు.

తప్పు ఎక్కడుందో తెలియాలి. నోటిలోని ఆరు దన్నుల మీద ఆరు చిన్న గొట్టాలు నిలిపి, వాటిని జిగురు పదార్థంతో ఒకే కడ్డీలా కలిపి, గట్టిపడ్డాక డాక్టరు గారు బయటికి తీశారు. దాన్ని తీసుకుని బొంగరం గారు రెండేసి మెట్లు దూకుతూ కిందికి వెళ్లారు. చట్రం ఏ ప్లాస్టర్ నమూనా మీద తయారైందో దాని మీద ఆ కడ్డీని పెట్టి చూశారు. ఐదు చోట్ల ఆనింది. ఆరో చోట ఆనలేదు. నోటికి సరిపోయిన కడ్డీ నమూనాకు సరిపోలేదంటే తప్పు నోటిలో లేదు, నమూనాలో ఉంది. నమూనా పోసింది ఆవిడే.

దాన్ని తిరగేశారు. ఎప్పుడు పోశారో, నోటి అచ్చులోంచి ఎప్పుడు విప్పారో నమూనా అడుగున పెన్సిలుతో రాయాలన్నది మైనం మాస్టారి నియమం. ఆవిడ చేతిరాతే ఉంది. పోసింది పదీ నలభైకి. విప్పింది పదకొండూ ఐదుకి. ముప్పావు గంట ఆగవలసిన చోట ఇరవై ఐదు నిమిషాలు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేకపోలేదు, పని తరుముకు రాలేదు, ఏ కారణమూ లేదు. ఆగలేకపోయారు, అంతే. ఇంకా పచ్చిగా ఉన్న ప్లాస్టర్‌లోంచి అచ్చును లాగినప్పుడు చివరి దన్ను నకలు రవ్వంత కదిలి ఉంటుంది.

మైనం మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు. నమూనా తీసుకుని అడుగున రాసినది చదివి, మళ్లీ బల్ల మీద పెట్టారు.

"పోత పోసినప్పుడు లోహం కుంచించుకుపోయిందని చెప్పొచ్చు కదా మాస్టారూ?" అన్నారు ఆవిడ.

"చెప్పొచ్చు."

"ఎవరూ అడగరు."

"అడగరు."

ఆయన తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆవిడ కాసేపు కిటికీ దాకా, కొళాయి దాకా, తలుపు దాకా తిరిగారు. ఆ తరవాత నమూనా చేతిలోకి తీసుకుని బయలుదేరారు. ఆ రోజు మాత్రం మెట్లు ఒక్కొక్కటే ఎక్కారట. రెండో అంతస్తు దగ్గర ఆగి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారట. ఆ క్షణంలో వెనక్కి తిరిగిపోవాలనిపించిందని వారే చెప్పారు.

మూడో అంతస్తు గదిలో డాక్టరు గారు, నర్సు, మైకక్క ముగ్గురూ ఉన్నారు. బొంగరం గారు నమూనాను బల్ల మీద తలకిందులుగా పెట్టి, అడుగున ఉన్న అంకెలు కనబడేలా తిప్పారు.

"తప్పు నాదే సార్. ప్లాస్టర్ గట్టిపడకముందే విప్పేశాను. ముప్పావు గంట ఆగాలి, నేను ఇరవై ఐదు నిమిషాలే ఆగాను."

మైకక్కకు విషయం అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డారు.

"ఇరవై నిమిషాలు ఆగలేకపోయావా? నేను ఎనిమిది నెలలు ఆగానమ్మా! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మనుషుల్ని తప్పించుకుని, ఎనిమిది నెలలు!"

"ఆగలేకపోయానక్కా" అన్నారు బొంగరం గారు. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదనిపించిందట.

పెద్ద డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన మాట బయటికి రావడానికి ఇష్టపడనట్టు వచ్చింది. "ఆవిడ ఒక్కరిదే కాదండీ తప్పు. చట్రం చూసిన రోజే ఒక్క స్క్రూ మీద పెట్టి చూడాల్సింది నేను. బయట జనం ఎక్కువగా ఉన్నారని వదిలేశాను."

"మీ ఇద్దరిలో ఎవరిది ఎక్కువో మీరు తేల్చుకోండి. సోమవారం పొద్దున్న ఆరింటికి నా నోట్లో పళ్లుండాలి" అన్నారు మైకక్క.

ఆ మధ్యాహ్నమే కుడివైపు పళ్లను, గులాబీ రంగు చిగురు భాగాన్ని తొలగించి, ఐదో దన్నుకూ ఆరో దన్నుకూ మధ్య చట్రాన్ని కోశారు. రెండు ముక్కలనూ నోటిలోనే వాటి వాటి చోట్ల ఆనించి, జిగురుతో కలిపి, కదలకుండా బయటికి తీశారు. ఇక వాటిని ప్లాస్టర్‌లో కూర్చి, ఆ ఆధారం మీద శాశ్వతంగా అతకాలి. అంటే మళ్లీ ప్లాస్టర్ పోయాలి. మళ్లీ ఆగాలి.

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు పోశారు. పోసి, చేతులు కడుక్కుని, స్టూలు మీద కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకున్నారు. గోడ గడియారం ఎదురుగా ఉంది. పదిహేనేళ్లలో వారు అలా కూర్చోవడం ప్రయోగశాలలో ఎవరూ చూసి ఎరగరు. మొదటి పది నిమిషాలకే మోకాలు ఆడడం మొదలైంది. దాన్ని చేత్తో అదిమారు. వేళ్లు బల్ల అంచును వెతికాయి. వాటిని వెనక్కి తీసుకున్నారు. మైనం మాస్టారు తలుపు పక్కన ఉండి పేపరు చదువుతున్నట్టు నటించారు గాని, అరగంటలో ఒక్క పేజీ తిప్పలేదు.

అప్పుడే భోజనం డబ్బాతో దర్జీ గారు వచ్చారు. కదలకుండా కూర్చున్న భార్యను చూసి గుమ్మంలోనే కంగారుపడ్డారు.

"ఏమైంది? కళ్లు తిరిగాయా? డాక్టర్ని పిలవనా?"

"ఏం లేదు. ప్లాస్టర్ గట్టిపడుతోంది."

"అది గట్టిపడితే నువ్వెందుకు గట్టిపడ్డావ్?"

మాస్టారు పేపరు వెనక ఫక్కున నవ్వారు. బొంగరం గారికి నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు వచ్చాయి. జరిగినదంతా భర్తకు చెప్పారు. ఆయన డబ్బా బల్ల మీద పెట్టి, పక్కన చతికిలబడి, "విప్పి కుట్టడం పనిలో భాగమే. నేను విప్పని చొక్కా ఉందా?" అన్నారు.

"గుడ్డ సాగుతుంది. ఇది సాగదు."

"అయితే ఇంకాసేపు ఆగు."

ముప్పావు గంట నిండింది. ఆవిడ లేవలేదు. గంట నిండింది. లేవలేదు. ఇంకో పావుగంట గడిచాక మాస్టారే పేపరు మడిచి, "చాలు లేమ్మా, ఇక రాయైపోతుంది" అన్నారు.

ఆ సాయంత్రానికి అతుకు పడింది. శనివారం మధ్యాహ్నానికి తీసేసిన పళ్లు, చిగురు మళ్లీ కట్టారు. నాలుగు గంటలకు మైకక్క కుర్చీలో ఉన్నారు. డాక్టరు గారు ఎడమవైపు ఒక్క స్క్రూ బిగించారు, కుడివైపు అద్దం పెట్టారు. చూసి, అద్దాన్ని బొంగరం గారి చేతికిచ్చారు. ఎడం లేదు. కుడివైపు ఒక్కటే బిగించి ఎడమవైపు చూశారు. లేదు. ఎక్స్‌రే తీశారు. లేదు. అప్పుడు ఆరింటినీ ఒకటి విడిచి ఒకటిగా, బిగువు కొలిచే రెంచితో చెప్పిన అంకె దాకా బిగించారు. పది నిమిషాలు ఆగి మళ్లీ అదే కొలతకు సరిచూసి, స్క్రూల రంధ్రాలు మూశారు. మైకక్క వేళ్లు కుర్చీ చెయ్యి మీద వదులుగానే ఉన్నాయి.

"ఏదైనా మాట్లాడి చూడండి" అన్నారు డాక్టరు గారు.

ఆవిడ గొంతు సవరించుకున్నారు. "దయచేసి వినండి. ప్లాట్‌ఫారం నంబర్ ఐదు..." అని ఆగిపోయారు. నర్సు చేతిలోంచి గుడ్డ లాక్కుని మొహం తుడుచుకుని వెళ్లిపోయారు. బొంగరం గారి వైపు చూడలేదు.

ఆదివారం ఎలా గడిచిందో దర్జీ గారినే అడగాలి. సోమవారం ఉదయం ఆరు కాకముందే బొంగరం గారు బస్టాండులో ఉన్నారు. జనం మధ్య, సంచులు, పెట్టెల మధ్య, తల పైకెత్తి స్పీకరు కేసి చూస్తూ నిలబడ్డారు. ఆరయింది. ఆరూ రెండయింది. స్పీకరు గరగరమంది గాని మాట రాలేదు. "ఏ బస్సమ్మా?" అని ఒక కండక్టరు అడిగారు. "ఏ బస్సూ కాదండీ" అన్నారు. ఆరూ నాలుగుకి ఆ గొంతు వచ్చింది. ప్లాట్‌ఫారం అన్న మాట పొల్లు పోకుండా, గుండ్రంగా వచ్చింది. చుట్టూ ఉన్న జనం ఎవరి దారిన వాళ్లు నడిచిపోయారు. ఆవిడ నాలుగు బస్సుల ప్రకటనలు విని, నేరుగా వైద్యశాలకు వచ్చి డాక్టరు గారి బల్ల మీద చీటీ పెట్టారు. "స పలికేటప్పుడు సన్నగా ఈల వస్తోంది. ముందుపళ్ల లోపలివైపు కొంచెం అరగదీయాలి."

కథ అక్కడితో సుఖాంతమైందని రాస్తే అబద్ధమవుతుంది. మరుసటి సంవత్సరం బస్టాండులో రికార్డు గొంతు రానే వచ్చింది. మైకక్కను విచారణ కిటికీకి మార్చారు. కాని ఆ పళ్ల వరస పందొమ్మిదేళ్లుగా ఆవిడ నోట్లో ఉంది. ఇన్నేళ్లలో మార్చింది ఒకే ఒక్క స్క్రూ. ఏటా పరీక్షకు వచ్చినప్పుడు డాక్టర్లు అంతా చూసి బాగుందన్నాక కూడా ఆవిడ కుర్చీ దిగరు. "కింద ఉన్న ఆ బొంగరాన్ని పిలవండి. ఆవిడ చూస్తేగాని నేను నోరు మూయను" అంటారు. ఇంతవరకు ధన్యవాదాలు మాత్రం చెప్పలేదు. బొంగరం గారు ఎదురు చూడనూ లేదు.

ఆ సంఘటన తరవాత మన విభాగంలో రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. పూర్తి దవడ పళ్లు బిగించే ప్రతిసారీ వాటిని కట్టిన టెక్నీషియన్ ఆ గదిలో ఉండాలి. ఒక్క స్క్రూ పరీక్షను ఇద్దరు చూసి, ఇద్దరూ సంతకం చేయాలి. పెద్ద డాక్టరు గారే ఆ ఉత్తర్వు రాశారు. మైనం మాస్టారు రెండు వేల ఎనిమిదిలో పదవీ విరమణ చేశాక ప్రయోగశాల బాధ్యత బొంగరం గారి భుజాల మీద పడింది. శిక్షణకు వచ్చిన ప్రతి బృందానికీ మొదటి రోజే ఆ పాత నమూనాను తిరగేసి చూపించి, "ఈ అంకెలు నావి" అని మొదలుపెట్టేవారు. నోటిని యంత్రంతో స్కాన్ చేసి, తెర మీదే చట్రాన్ని గీసే విధానం వచ్చినప్పుడు వారికి యాభై రెండేళ్లు. వయసులో సగమైనా లేని వారి పక్కన నిలబడి నేర్చుకున్నారు. నేర్చుకున్నాక కూడా, "తెర మీద అన్నీ బాగానే ఆనుతాయి" అంటూ ప్రతి చట్రానికీ ప్లాస్టర్ మీద మరోసారి పరీక్ష పెట్టేవారు. వారి చేతుల మీదుగా నాలుగు వందల పన్నెండు పూర్తి దవడలు వెళ్లాయి. వాటిలో ఏ ఒక్కటీ వారి మనసులోంచి మాత్రం వెళ్లలేదని మా అనుమానం. భోజనాల వేళ ఉన్నట్టుండి, "ఆ లైబ్రేరియన్ గారు ఈ ఏడు పరీక్షకు రాలేదేం?" అంటారు. ఇంటి దగ్గరా అంతే. "ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి తలుపుల గడియలు, ఫ్యానుల స్క్రూలు బిగించి పోతుంది. అల్లుడికి ఆ రోజు కుర్చీలో కూర్చోవాలన్నా భయమే" అని వారి అమ్మాయి నవ్వుతూ ఫిర్యాదు చేస్తారు.

ఈ నెల మొదటి వారం నుంచి వారి కలవరం మరీ ఎక్కువైంది. వారు కట్టిన చివరి పళ్ల వరస, ఒక విశ్రాంత లెక్కల మాస్టారి కింది దవడది, జూలై మూడో తేదీ గురువారం పదకొండు గంటలకు బిగించవలసి ఉంది. అంటే వారి పదవీ విరమణకు మూడు రోజుల తరవాత. తేదీ ముందుకు జరపమని అడిగారు. లెక్కల మాస్టారు అప్పటిదాకా ఊళ్లో ఉండరు, వీలు కాదన్నారు. చివరికి, ఒకప్పుడు వారి దగ్గరే శిక్షణ పొంది ఇప్పుడు విభాగాధిపతిగా ఉన్న డాక్టరమ్మ గారి గదికి వెళ్లారు.

"ఆ రోజు నేను రావచ్చా అమ్మా? మూల నిలబడతాను. మాట్లాడను."

"మీరా? మాట్లాడరా?" అన్నారు డాక్టరమ్మ గారు. తరవాత నవ్వు ఆపి అడిగారు. "ఒక్కటి చెప్పండి మేడమ్. మీరు లేకపోయినా సరిపోయేలా కట్టారా, లేదా?"

బొంగరం గారు గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చారు.

"కట్టాను."

"అయితే రాకండి."

"పోనీ, పదకొండున్నరకి ఫోన్ చేయనా?" అన్నారు వారు, చాలా చిన్న గొంతుతో.

"మీరు చేయొద్దు. మేమే చేస్తాం."

తన పొరపాటును తానే మూడంతస్తులు మోసుకెళ్లి నలుగురి ముందు పెట్టిన నిజాయితీకి, ఆ తరవాతి పందొమ్మిదేళ్లూ ఎవరి నోటిలోనూ వెంట్రుకవాసి ఎడాన్ని మిగలనివ్వని దీక్షకు మా విభాగం సవినయంగా నమస్కరిస్తోంది. శ్రీమతి బొంగరం గారికి, వారి వెంట ఓపికగా నడిచిన దర్జీ గారికి, అమ్మాయికీ అల్లుడికీ నిండైన ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయువు, ఏ లాగుడూ లేని రోజులు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. జూలై మూడో తేదీన వారింటి ఫోను మోగుతుంది. మొదటి మోతకే ఎత్తుతారని మాకు తెలుసు. పలకరింపులు, కుశల ప్రశ్నలు తరవాత. "రెండు వైపులా చూశాం మేడమ్, ఎక్కడా ఎడం లేదు" అనే ముందుగా చెబుతాం.